సలహాదారుకు కేబినెట్ హోదా, ఊరికి ఖాళీ కుర్చీ

2023 ఆగస్టు 21న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి, బీఆర్‌ఎస్ అధినేత కె.చంద్రశేఖర రావు శాసనసభ ఎన్నికలకు 115 మంది అభ్యర్థుల జాబితా ప్రకటించారు. మా చందుర్తి మండలం వేములవాడ నియోజకవర్గంలోకి వస్తుంది. అక్కడి సిట్టింగ్ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్‌కు ఆ జాబితాలో టికెట్ దక్కలేదు. ఆ వారం గడవకముందే ఆయనను వ్యవసాయ వ్యవహారాలపై ప్రభుత్వ సలహాదారుగా నియమించారు. కేబినెట్ హోదా ఇచ్చారు. పదవీకాలం ఐదేళ్లన్నారు. డిసెంబరులో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం వచ్చిన మూడో రోజునే, డిసెంబరు 9న, ఏడుగురు సలహాదారుల నియామకాలు రద్దు చేసింది. ఐదేళ్లకని ఇచ్చిన పదవి నాలుగు నెలలు కూడా నిలవలేదు.

రమేశ్‌కు అర్హత లేదని నేను అనడం లేదు. వ్యవసాయ ఆర్థిక శాస్త్రంలో డాక్టరేట్ ఉన్న మనిషి. 2009 నుంచి ఈ ప్రాంతం ఓట్లతో గెలుస్తూ వచ్చిన మనిషి. నా ప్రశ్న ఆ పదవి పుట్టిన వేళ గురించి. ఆయన చదువు ఆగస్టు 21 తర్వాతనే ప్రభుత్వానికి గుర్తొచ్చిందా? వ్యవసాయానికి నిజంగా అలాంటి సలహాదారు అవసరమే ఉంటే తొమ్మిదేళ్లు ఎందుకు ఆగారు? ఆ నాలుగు నెలల్లో ఏ సలహా ఇచ్చారో, ఏ ఫైలు మీద రాశారో, ఆ సలహాను శాఖ తీసుకుందో లేదో ప్రజలకు చెప్పాలన్న నిబంధన ఎక్కడుంది? ఎక్కడా లేదు. నా కోపమంతా దాని మీదనే.

ఇది ఒక్క పార్టీ పాపమైతే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఏడుగురిని ఒక్క కలంపోటుతో తీసేసిన కాంగ్రెస్ ప్రభుత్వం ఏం చేసింది? 2024 జనవరిలో వేం నరేందర్ రెడ్డిని, షబ్బీర్ అలీని, హర్కర వేణుగోపాల్ రావును కేబినెట్ హోదాతో సలహాదారులుగా కూర్చోబెట్టింది. షబ్బీర్ అలీ అంతకు నెలన్నర ముందే నిజామాబాద్ అర్బన్‌లో ఓడిపోయారు. జూలైలో బీఆర్‌ఎస్ నుంచి వచ్చిన కె.కేశవరావుకు ప్రజా వ్యవహారాల సలహాదారు పదవి ఇచ్చింది. బీఆర్‌ఎస్ టికెట్ మీద బాన్సువాడలో గెలిచిన పోచారం శ్రీనివాస రెడ్డి జూన్‌లో కాంగ్రెస్‌లో చేరారు, ఆగస్టులో వ్యవసాయ సలహాదారు అయ్యారు. 2025 అక్టోబరు చివరన, మంత్రివర్గంలో చోటు దొరకని బోధన్ ఎమ్మెల్యే సుదర్శన్ రెడ్డికి పథకాల అమలుపై సలహాదారు పదవి వచ్చింది, కేబినెట్ హోదాతో సహా. సరిగ్గా ఏడాది తేడాతో, రెండు ఆగస్టుల్లో, రెండు ప్రభుత్వాలు వ్యవసాయ సలహాదారు కుర్చీని వాడుకున్నాయి. ఒకరికి టికెట్ రాలేదన్న బాధ తీర్చడానికి, ఇంకొకరికి కండువా మార్చిన తర్వాత గౌరవం చూపడానికి. రైతు ఈ రెండు లెక్కల్లోనూ లేడు.

మన రాజ్యాంగం ఈ విషయంలో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. గవర్నరుకు సహాయం చేసి సలహా ఇచ్చేది మంత్రిమండలి అని 163వ అధికరణం చెబుతుంది. ఆ మంత్రులు శాసనసభకు ఉమ్మడిగా జవాబుదారీ అని 164వ అధికరణం చెబుతుంది. మంత్రి ప్రమాణం చేస్తాడు, రహస్యం కాపాడతానని కూడా ప్రమాణం చేస్తాడు. సభలో ఏ ఎమ్మెల్యే అయినా లేచి ఆయన్ని నిలదీయవచ్చు. ఆయన శాఖ పద్దు మీద కోత తీర్మానం పెట్టవచ్చు. సలహాదారు పదవికి ఈ ప్రమాణం లేదు, ఈ నిలదీత లేదు. మంత్రికుండే వాహనం, పేషీ, హోదా మాత్రం ఉన్నాయి. అధికారం పక్కన కూర్చునే హక్కు ఇచ్చి, జవాబు చెప్పే బరువు తీసేసిన పదవి ప్రజాస్వామ్యంలో ఎలా ఇముడుతుంది?

మంత్రుల సంఖ్య సభ బలంలో 15 శాతం మించకూడదని 2003లో 91వ సవరణ తెచ్చారు. 119 మంది సభ్యులున్న తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మంది. పదవుల పంపకాలతో ఖజానా మీద పడే భారాన్ని ఆపాలన్నది ఆ సవరణ ఉద్దేశం. దాన్ని తప్పించుకోవడానికి మొదట పార్లమెంటరీ కార్యదర్శుల దారి వెతికారు. 2014 చివరలో తెలంగాణ ప్రభుత్వం అలా కొందరు ఎమ్మెల్యేలను నియమిస్తే 2015లో హైకోర్టు అడ్డుకుంది. 2017లో అస్సాం కేసులో సుప్రీంకోర్టు అలాంటి చట్టాన్నే కొట్టేసింది. ఆ దారి మూసుకుపోయాక సలహాదారుల దారి వెడల్పయింది. ముందు వాకిలి మూశారని పెరటి గోడకు కన్నం పెట్టారు.

ఇంకో లెక్క చూడండి. 2018 డిసెంబరు 13న ముఖ్యమంత్రితో పాటు ప్రమాణం చేసింది ఒక్క మంత్రి. ఇంకో పది మంది 2019 ఫిబ్రవరి 19న చేశారు. రెండు నెలలకు పైగా రాష్ట్రంలోని శాఖలన్నీ ఇద్దరి చేతుల్లో ఉన్నాయి. 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రితో కలిపి పన్నెండు మంది ప్రమాణం చేశారు. మిగిలిన ఆరు కుర్చీల్లో ఒక్కటి నిండడానికి కూడా 2025 జూన్ దాకా పట్టింది. ఆ ఏడాదిన్నరలో విద్యాశాఖకు ప్రత్యేకంగా మంత్రి లేడు, ముఖ్యమంత్రే చూసుకున్నారు. అదే ఏడాదిన్నరలో కేబినెట్ హోదాతో సలహాదారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. సభకు జవాబు చెప్పాల్సిన కుర్చీలు ఖాళీ, చెప్పనక్కర్లేని కుర్చీలు నిండుగా. దీన్ని పాలన అనను. పదవుల సర్దుబాటు అంటాను.

పాలన అంటే ఏమిటో చూడాలంటే హైదరాబాద్ పోనక్కర్లేదు. యాసంగి కోతలప్పుడు చందుర్తి మండలంలో ఏ ఊరి కొనుగోలు కేంద్రానికైనా రండి. రైతు వడ్లు కుప్ప పోసి, పరదా కప్పి, పక్కనే మంచం వేసుకుని కావలి ఉంటాడు. ఆ కుప్ప కాంటా కావాలంటే ఎన్ని శాఖలు కలవాలో లెక్కపెట్టండి. పంట నమోదు చేసి, ఈ రైతుది ఇంత పొలం అని ధ్రువీకరించేది వ్యవసాయ శాఖ విస్తరణ అధికారి (ఏఈఓ). కేంద్రం నడిపేది ఐకేపీ మహిళా సంఘమైతే గ్రామీణాభివృద్ధి శాఖ, సింగిల్ విండో అయితే సహకార శాఖ. తేమ మిషను, ప్యాడీ క్లీనరు, పరదాలు సమకూర్చాల్సింది మార్కెటింగ్ శాఖ. గన్నీ సంచులు, లారీలు, మిల్లుకు కేటాయింపు, చివరికి రైతు ఖాతాలో డబ్బు పౌర సరఫరాల పని. భూమి వివరం తప్పుంటే రెవెన్యూ. తేమ 17 శాతం దాటితే కాంటా ఆగుతుంది. సంచులు లేకపోతే ఆగుతుంది. లారీ రాకపోతే ఆగుతుంది. ఆగినప్పుడు వాన పడితే మొలకెత్తేది వడ్లు, మునిగేది రైతు. ఈ శాఖల్లో ఏ ఒక్కటి నిద్రపోయినా మిగతావాటి పని మట్టిలో కలుస్తుంది.

ఆ కుప్ప దగ్గర నిలబడి చూడండి. రైతు చేతిలో ఒక చీటీ ఉంటుంది, దాని మీద తేమ శాతం రాసి ఉంటుంది. నిన్న 19, ఇవ్వాళ 17. మళ్లీ రాత్రి వాన పడితే రేపెంతో తెలియదు. మిల్లు దగ్గర తాలు పేరు చెప్పి కోత పెడితే ఎవరికి చెప్పుకోవాలో ఆయనకు తెలియదు. కేంద్రంలో అడిగితే మిల్లు మీద చెబుతారు, మిల్లులో అడిగితే కేంద్రం మీద చెబుతారు. వ్యవసాయానికి కేబినెట్ హోదాలో సలహాదారు ఉన్నారని ఆ రైతుకు చెప్పి చూడండి. ఆయన అడిగేది ఒక్కటే: నా లారీ ఎప్పుడొస్తది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల అధికారి కేంద్రం దగ్గర లేనప్పుడు సచివాలయంలో ఎంతమంది పెద్దలు కూర్చుంటే ఏం లాభం?

నిజానికి రైతుకు సలహాదారు ఎప్పటినుంచో ఉన్నాడు. ఆయన పేరు ఏఈఓ. ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టరు చేసి, రాష్ట్రమంతటా 2,601 రైతు వేదికలు కట్టారు. పొలంలోకి దిగి, ఆకు తిప్పి చూసి, ఈ తెగులుకు ఈ మందు చాలు, ఇంతకు మించి కొట్టకు అని చెప్పడం ఆయన అసలు పని. ఆయన చేత ఏం చేయిస్తూ వచ్చాం? రైతుబంధు జాబితాలు, రైతుబీమా కాగితాలు, పంట నమోదు, రుణమాఫీ వివరాలు. 2024 అక్టోబరులో డిజిటల్ క్రాప్ సర్వే భారం మోయలేమని ఎదురు తిరిగితే పెద్ద సంఖ్యలో సస్పెండ్ చేశారు. పొలం గట్టు మీద నిలబడాల్సిన సలహాదారును డేటా ఎంట్రీలో ముంచి, సచివాలయంలో ఇంకో సలహాదారుకు పేషీ తెరిచారు. పురుగుమందుల దుకాణమే రైతుకు సలహా కేంద్రమైందంటే ఆ నేరం ఎవరిది?

రెవెన్యూ శాఖకు జరిగింది ఇంకా ఘోరం. 1984లో ఎన్టీ రామారావు పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేశారు. అది వంశపారంపర్య పెత్తనం, పోవాల్సిందే పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఊరికి గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) వచ్చాడు. లంచాలు తిన్నవాళ్లు ఉన్నారు, కాదనను. దానికి మందు విచారణ, శిక్ష. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం చట్టం చేసి వీఆర్వో పోస్టునే ఎత్తేసింది. అక్టోబరు 29న భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది. ఊళ్లో సరిహద్దు తెలిసినవాడు, తాత పేరు తెలిసినవాడు, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో తెలిసినవాడు ప్రభుత్వం తరఫున లేకుండా పోయాడు. పాసుబుక్కులో ఒక్క అక్షరం తప్పుపడినా సిరిసిల్ల కలెక్టరు దాకా దరఖాస్తు. 2022లో ఆ వీఆర్వోలను లాటరీ తీసి వేరే శాఖలకు పంచారు. 2025 సెప్టెంబరు 5న గ్రామ పాలన అధికారుల పేరుతో మళ్లీ ఊరికి రెవెన్యూ మనిషిని వేశారు. ఐదేళ్లు ఊరు ఖాళీ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ మందు రాసిచ్చిన సలహాదారు ఎవరు? ఆ సలహా కాగితం ఎక్కడ? ఐదేళ్లు భూమి పార్ట్-బీ అనే వివాదాల జాబితాలో పడి, పెట్టుబడి సాయం రాక, అమ్ముకోలేక ఆగిన కుటుంబాలకు ఆ పేరు తెలిసే హక్కు లేదా?

శాఖ అనే మాటకు ఈ నేల మీద పెద్ద చరిత్రే ఉంది. సాలార్ జంగ్ నిజాం దివానుగా వచ్చేనాటికి హైదరాబాద్ రాజ్యంలో శిస్తు వసూలు గుత్తేదారుల చేతిలో ఉండేది. ముందే డబ్బు కట్టి ఊళ్లను గుత్తకు పట్టినవాడు, తర్వాత రైతు చర్మం ఒలిచి రాబట్టుకునేవాడు. 1865లో జిలాబందీ (జిల్లాల ఏర్పాటు) తెచ్చి, జిల్లాకు జీతమిచ్చే తాలూక్‌దారును పెట్టారు. మన ప్రాంతం ఎలగందుల జిల్లా అయింది. 1868లో రెవెన్యూ, న్యాయం, పోలీసు, ఇతర వ్యవహారాలకు నలుగురు సదర్ ఉల్ మహాంలను (శాఖాధిపతులను) నియమించారు. అది రాచరికం, దాన్ని పొగడను. కానీ ఒక పనికి ఒక మనిషి, ఆ మనిషికి జీతం, ఆ జీతానికి జవాబుదారీ అన్న పద్ధతి గుత్తేదారును వెళ్లగొట్టింది. నూట యాభై ఏళ్ల తర్వాత ఎన్నికైన ప్రభుత్వాలు జవాబుదారీ లేని పదవులను మళ్లీ పెంచడం వెనక్కి నడవడం.

సలహాదారులే వద్దంటావా అని అడిగేవారికి నా జవాబు: ఆర్.విద్యాసాగర్ రావు. కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి, కృష్ణా గోదావరి నీళ్ల లెక్కలు తెలంగాణ మారుమూల పల్లెకు అర్థమయ్యేలా చెప్పిన మనిషి. రాష్ట్రం వచ్చాక నీటిపారుదల సలహాదారుగా ఉండి, 2017 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన్ని ఎవరూ టికెట్ రానందుకు నియమించలేదు. ఆయన విద్య, ఆయన నిజాయితీ చూసి నియమించారు. అలాంటి నిపుణులు ప్రతి శాఖకూ కావాలి. వ్యవసాయానికి మన విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త, మరమగ్గాలకు సిరిసిల్ల సాంచాల చప్పుడు తెలిసినవాడు రావాలి. వాళ్లకు హోదా కంటే వినే చెవులు ముఖ్యం.

ఎందుకంటే విని పక్కన పెట్టిన సలహా కూడా ప్రజల ప్రాణం మీదికి తెస్తుంది. గోదావరి మీద మేడిగడ్డ దగ్గర బ్యారేజీ కట్టే విషయం పరిశీలించడానికి 2015 జనవరిలో రిటైర్డ్ ఇంజనీర్ల కమిటీ వేశారు. అక్కడ వద్దన్న ఆ కమిటీ నివేదికను పక్కన పెట్టేశారని జస్టిస్ పి.సి.ఘోష్ కమిషన్ తేల్చినట్టు 2025 ఆగస్టులో ప్రభుత్వం వెల్లడించింది. మాజీ ముఖ్యమంత్రి పక్షం ఆ కమిషన్ నివేదికను హైకోర్టులో సవాలు చేసింది. తీర్పు చెప్పడం న్యాయస్థానం పని. నేను అడిగేది వేరే. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగేదాకా ఆ ఇంజనీర్ల నివేదిక శాసనసభ బల్ల మీదికి ఎందుకు రాలేదు? ప్రజల సొమ్ముతో అడిగిన సలహా ప్రజల ఆస్తి. దాన్ని బీరువాలో దాచే అధికారం ఏ ముఖ్యమంత్రికీ లేదు.

ఇక సలహా ఉన్నా శాఖే లేని గల్ఫ్ వలస సంగతి. చందుర్తి, రుద్రంగి, కోనరావుపేట, కథలాపూర్, కోరుట్ల, జగిత్యాల దాకా ఇది మా ఇంటింటి కథ. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మా కరీంనగర్ వలసను మూడు మాటల్లో చెప్పుకుంటాం. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా పేరుతో ప్రత్యేక శాఖ పెట్టుకుంది. 2002లో నోర్కా రూట్స్, 2008లో సంక్షేమ చట్టం తెచ్చి, తిరిగొచ్చిన కార్మికుడికి పింఛను ఇచ్చే బోర్డు దాకా నడిచింది. మనకేమొచ్చింది? 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉత్తర్వు వచ్చింది. మంచి పని, మెచ్చుకుంటున్నాను. 2025లో ప్రవాసుల మీద ఒక సలహా కమిటీ కూడా వేశారు. ఇక్కడే ఆగిపోయారు. రియాద్‌లో ఒక కూలి చనిపోతే అక్కడి మరణ ధ్రువపత్రం, పోలీసు నివేదిక, రాయబార కార్యాలయం అనుమతి, ఎంబాల్మింగ్ సర్టిఫికెట్, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) సంతకం, విమాన టికెట్ అన్నీ కుదిరితేనే పెట్టె శంషాబాద్‌లో దిగుతుంది. ఒక్క కాగితం తక్కువైతే వారాలు గడుస్తాయి. ఆ వారాల్లో చందుర్తిలోని భార్య ఏ ఆఫీసుకు పోవాలి? మండలంలో ఒక గుమాస్తా లేడు, జిల్లాలో ఒక ప్రత్యేక అధికారి లేడు. సలహా కమిటీ కార్యాలయం కాదు, అది ఫోను ఎత్తదు. మాకు శాఖ కావాలి. బడ్జెటు పద్దు ఉన్న శాఖ, జిల్లాలో బోర్డు వేలాడే ఆఫీసు, పేరు ఉన్న అధికారి.

పెద్ద దేశాల్లోనూ సలహాదారులున్నారు కదా అంటారు. అమెరికానే చూద్దాం. అక్కడ పదిహేను కార్యనిర్వాహక శాఖలున్నాయి. ఆ శాఖాధిపతులను అధ్యక్షుడు ఎంచుకున్నా సెనేట్ కమిటీ ముందు గంటల తరబడి కూర్చుని, ప్రశ్నలకు జవాబు చెప్పి, ఓటింగులో నెగ్గితేనే కుర్చీ దక్కుతుంది. 1939లో రూజ్‌వెల్ట్ కాలంలో అధ్యక్షుడి కార్యనిర్వాహక కార్యాలయం ఏర్పడ్డాక శ్వేతసౌధం సలహాదారుల బలం పెరుగుతూ వచ్చింది. వాళ్లలో చాలామందికి ఆ సెనేట్ పరీక్ష లేదు. శాఖల మీద సలహాదారులు స్వారీ చేస్తున్నారన్న పోరు అక్కడా ఆగలేదు. అంత బలమైన కాంగ్రెస్ ఉన్న దేశమే ఈ జబ్బుతో కొట్టుకుంటుంటే, ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే సభ నడిచే మన రాష్ట్రంలో దీన్ని అలవాటుగా వదిలేస్తామా?

నా డిమాండ్లు దాచుకోను. కేబినెట్ హోదా ఉన్న ప్రతి సలహాదారునూ ఆ 18 మంది లెక్కలో కలుపుతూ చట్టం చేయండి. ఎన్నికలో ఓడినవారికి, టికెట్ రానివారికి, పార్టీ మారినవారికి రెండేళ్ల దాకా ఈ పదవులు ఇవ్వకూడదని రాయండి. సలహా ఏదైనా రాతలోనే ఉండాలి, శాఖ కార్యదర్శి ఫైలు మీద దానికి జవాబు ఉండాలి, ఏడాదికోసారి అవన్నీ సభ ముందుకు రావాలి. కొత్త సలహాదారుకు పేషీ తెరిచే ముందు మండలంలో ఏఈఓ, సర్వేయరు, పశువైద్యుడు, డాక్టరు పోస్టులు నిండాలి. గల్ఫ్ కార్మికులకు ప్రత్యేక శాఖ పెట్టాలి. వీటిలో ఒక్కటీ అసాధ్యం కాదు. కావాల్సింది పదవులు పంచుకునే చేతులను కట్టుకోవడానికి ఒప్పుకునే మనసు.

వాళ్లంతట వాళ్లు ఒప్పుకోరు. కాబట్టి చందుర్తి, కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల చదువుకున్న పిల్లలకు నా మాట. 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. సచివాలయానికి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ప్రతి సలహాదారు నియామక ఉత్తర్వు, జీతభత్యాలు, సిబ్బంది సంఖ్య, ఇచ్చిన రాతపూర్వక సలహాల జాబితా అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలుకు పోండి. అదే రోజు తహసీల్దారు ఆఫీసులో మీ మండలంలో ఏ శాఖలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో అడగండి. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి పార్టీ నాయకుడి ముందూ చదవండి. జవాబు చెప్పని పదవికి ప్రజల సొమ్ము ఇవ్వడం అన్యాయం. ఆ అన్యాయాన్ని ఏ పార్టీ చేసినా దాన్ని ఓడించాల్సింది మనమే.